పాత ఫిషింగ్ రీలుకు సరైన కర్ర ఏది? కాలం, పని, బరువు చూసి జోడీ కలిపే పద్ధతి

దాదా వాడిన పాత పెట్టెలోనో, ఊళ్లోని ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీదో ఒక పాత ఫిషింగ్ రీలు దొరికిందనుకోండి. చాలామంది వరుసగా మూడు పనులు చేస్తారు. ముందు చింతపండో, పాలిష్ పొడో పెట్టి తళతళా తోముతారు. తర్వాత బజారులో దొరికిన ఏదో ఒక కర్రకు బిగించి చూస్తారు. అది పట్టకపోతే రీలు పాదాన్ని ఆకురాయితో అరగదీస్తారు. తోమడంతో పాత పూత, ఆకురాయితో పాదం ఆకారం పోతాయి. ఈ రెండూ మళ్లీ తిరిగి రావు. జత కుదరని కర్ర వల్ల రీలుకూ, కర్రకూ రెండింటికీ దెబ్బే.

పాత రీలుకు అదే కాలానికి చెందిన కర్రను జత చేయడం కష్టమేమీ కాదు. ఐదు ప్రశ్నలు వరుసగా వేసుకుంటే చాలు. రీలు ఏ కాలానిది? ఏ పనికి చేశారు? ఎంత దారం పడుతుంది? కర్ర సీటులో కూర్చుంటుందా? చేతిలో బరువు కుదురుతుందా? వీటిలో ఎక్కడైనా తేడా వస్తే మార్చాల్సింది కర్రను. రీలును కోయడం, రుద్దడం ఎప్పుడూ దారి కాదు.

రీలుకు, కర్రకు జత ఎందుకు

రీలు కేవలం దారం చుట్టుకునే చక్రం కాదు. దాని బరువు కర్రను చేతిలో నిలబెడుతుంది. దాని వెడల్పును బట్టి ఎంత లావు దారం పడుతుందో తేలుతుంది. దారం లావు, బరువును బట్టి కర్ర ఎంత వంగాలో తేలుతుంది. అంటే రీలు, దారం, కర్ర మూడూ ఒకే లెక్కలో ఉండాలి.

పాత కంపెనీలు కూడా అలాగే అమ్మేవి. ఇంగ్లండ్‌లోని ఆనిక్ పట్టణంలో 1872లో మొదలైన హార్డీ బ్రదర్స్ తన కేటలాగుల్లో రీళ్లను, కర్రలను పక్కపక్కనే చూపించేది. నలభై ఏళ్ల తేడా ఉన్న రెండు వస్తువులను కలిపితే చూడటానికి బాగానే ఉండవచ్చు. కానీ వెదురు కర్ర కోసం చేసిన బరువైన రీలును తేలికైన కార్బన్ కర్రకు పెడితే పిడి కిందికి లాగుతుంది, చెయ్యి త్వరగా అలసిపోతుంది.

ముందు రీలు వయసు తేల్చాలి

కర్ర వెతకడం తర్వాత పని. ముందు రీలు ఎప్పటిదో తెలియాలి. దానికి ఇంట్లోనే చూడగలిగే గుర్తులు కొన్ని ఉన్నాయి.

మొదటిది లోహం. పూర్తిగా ఇత్తడితో ఉంటే ఎక్కువగా 19వ శతాబ్దం లేదా 20వ శతాబ్దం మొదటి ఏళ్లు. పక్క పలకలు నల్లగా, గట్టి రబ్బరుతో చేసి ఉంటే అది కూడా పాత పద్ధతే. ఈ రబ్బరు ఏళ్ల తరబడి గాలి, వెలుతురు తగిలి గోధుమ రంగుకు మారుతుంది. కింద పడితే పింగాణీలా పగులుతుంది. తర్వాతి కాలంలో అల్యూమినియం మిశ్రమ లోహాలు వచ్చాయి. ప్లాస్టిక్ భాగాలు ఉంటే సాధారణంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాతిది.

రెండోది అక్షరాలు. కంపెనీ పేరు, ఊరు పేరు, పేటెంట్ సంవత్సరం, మోడల్ నంబరు ఎక్కడో ఒకచోట చెక్కి ఉంటాయి. రీలు పాదం కింద, స్పూల్ తీసి లోపలి వైపు, పిడి పక్కన చూడాలి. పేటెంట్ సంవత్సరం ఉన్నంత మాత్రాన రీలు ఆ ఏడాదిదే అనుకోకూడదు. అదే పేటెంట్‌తో ఆ తర్వాత చాలా ఏళ్లు తయారు చేసి ఉండవచ్చు. ఆ ఏడాది కంటే ముందుది కాదని మాత్రమే దాని అర్థం.

మూడోది మళ్లీ తయారైన నమూనాలు. హార్డీ కంపెనీ 'పర్ఫెక్ట్' అనే రీలును 1891లో తెచ్చింది. దాన్ని దశాబ్దాల పాటు చేసింది, ఆపిన తర్వాత మళ్లీ కూడా తయారు చేసింది. కాబట్టి పాత ఆకారం ఉన్నదంతా పాతది కాదు. లోపలి కిటకిట చప్పుడు చేసే యంత్రం, అచ్చులు, పూత మూడూ చూసి తేల్చాలి.

కర్ర దేనితో చేశారో చూస్తే కాలం తెలుస్తుంది

గాలపు కర్రల చరిత్రను పదార్థాన్ని బట్టి ఐదు దశలుగా చూడవచ్చు.

1. గట్టి చెక్క కర్రలు. 19వ శతాబ్దంలో దక్షిణ అమెరికా నుంచి వచ్చే గ్రీన్‌హార్ట్, ఇంకా లాన్స్‌వుడ్, హికరీ చెక్కలతో చేసేవారు. ఇవి బలమైనవి కానీ బరువు ఎక్కువ. గ్రీన్‌హార్ట్ కర్రలు 20వ శతాబ్దంలోకి కూడా కొనసాగాయి.

2. చీల్చిన వెదురు కర్రలు. వెదురును సన్నని బద్దలుగా చీల్చి, ప్రతి బద్దను ముక్కోణంగా చెక్కి, ఆరింటిని జిగురుతో అంటించి ఆరు పలకల కర్ర చేస్తారు. ఈ ఆరు బద్దల పద్ధతిని అమెరికాలో హైరమ్ లెనార్డ్ 1870లలో వ్యాపార స్థాయికి తెచ్చారు.

3. ఉక్కు గొట్టాల కర్రలు. అమెరికాలోని బ్రిస్టల్ పట్టణం వీటికి పేరు పొందింది. 19వ శతాబ్దం చివర్లో మొదలై రెండో ప్రపంచ యుద్ధం దాకా బాగా నడిచాయి.

4. ఫైబర్ గ్లాస్ కర్రలు. మిషిగన్ రాష్ట్రంలోని షేక్స్‌పియర్ కంపెనీ 1947 ప్రాంతంలో 'వండర్‌రాడ్' పేరుతో వీటిని మార్కెట్లోకి తెచ్చింది. 1950లు, 60లు పూర్తిగా గ్లాస్ కాలం.

5. కార్బన్ కర్రలు. వీటినే గ్రాఫైట్ అంటారు. ఫెన్‌విక్ కంపెనీ 1973లో తెచ్చిన కర్రలతో ఇవి సామాన్యులకు అందాయి.

ఈ వరుస గుర్తుంటే సగం పని అయినట్టే. 1930ల రీలుకు గ్రాఫైట్ కర్ర కాలం కుదరదు. 1960ల రీలుకు వెదురు కర్ర పూర్తిగా తప్పు కాదు, ఎందుకంటే అప్పటికీ కొందరు వెదురు కర్రలు చేస్తూనే ఉన్నారు. కానీ ఆ రోజుల్లో ఎక్కువమంది చేతిలో ఉన్నది గ్లాస్ కర్రే.

వెదురుతో మన దేశానికి ఉన్న లింకు

మొదటి తరం చీల్చిన వెదురు కర్రలకు ముడిసరుకు మన దేశం నుంచే వెళ్లింది. కలకత్తా రేవు నుంచి ఓడల్లో వెళ్లిన ఆ వెదురుకు అక్కడి కర్రల తయారీదారుల్లో 'కలకత్తా కేన్' అనే పేరు స్థిరపడింది. ఆ బొంగుల మీద కాల్చిన మచ్చలు ఉండేవి. అందుకే 19వ శతాబ్దపు అమెరికన్ కర్రల మీద అక్కడక్కడ నల్లటి కాలిన గుర్తులు కనిపిస్తే అది చెడిపోయిందని కాదు, కలకత్తా వెదురు అని ఒక సూచన.

1900 తర్వాత క్రమంగా చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి వచ్చిన వెదురు దీని స్థానం తీసుకుంది. దానికి 'టాంకిన్ కేన్' అనే పేరు వచ్చింది కానీ అది వియత్నాంలోని టాంకిన్‌లో పండేది కాదు. ఆ వెదురు మరింత నిటారుగా, దట్టమైన నారతో ఉంటుంది. కొరియా యుద్ధ సమయంలో, 1950 చివర్లో అమెరికా చైనా సరుకు మీద నిషేధం పెట్టడంతో ఆ సరఫరా ఆగిపోయింది. అదే సమయానికి గ్లాస్ కర్రలు చౌకగా వస్తున్నాయి. అమెరికాలో వెదురు కర్రల పెద్ద వ్యాపారం తగ్గిపోవడానికి ఈ రెండు కారణాలూ కలిశాయి.

మన వైపు ఇంకో లింకు కూడా ఉంది. మద్రాస్ సివిల్ సర్వీస్ అధికారి హెన్రీ సల్లివన్ థామస్ రాసిన 'ది రాడ్ ఇన్ ఇండియా' పుస్తకం 1873లో మంగళూరులో అచ్చయింది. మహసీర్ చేప వేట గురించి ఇంగ్లిష్ వాళ్లు మొదట తెరిచే పుస్తకాల్లో అది ఒకటి. దక్షిణాదిలోని పాత ఇళ్లల్లో, పాత సామాన్ల సంతల్లో బ్రిటిష్ కాలం నాటి రీలు ఎప్పుడైనా కనిపిస్తే, అది ఇలాంటి అధికారులతోనో, తోటల యజమానులతోనో వచ్చి ఉండవచ్చు. మహసీర్ బరువైన చేప, వేగంగా లాగుతుంది. దాని కోసం వాడిన రీళ్లు పెద్దవి, కర్రలు గట్టివి. అలాంటి రీలుకు చిన్న వాగుల్లో వాడే సన్నని ట్రౌట్ కర్ర జత కాదు.

రీలు ఏ పనికి చేశారో చూడాలి

కాలం ఒకటే అయినా పని వేరైతే జత కుదరదు. పాత రీళ్లు ముఖ్యంగా మూడు రకాలు.

ఫ్లై రీలు: ఈకలు, దారంతో పురుగులా కట్టిన గాలాన్ని విసరడానికి వాడేది. ఇక్కడ బరువు గాలంలో ఉండదు, దారంలోనే ఉంటుంది. పిడిని ఒకసారి తిప్పితే చక్రం ఒకసారి తిరుగుతుంది. రీలు కర్రకు అడుగు భాగంలో, చేతి వెనుక, కింది వైపు వేలాడుతుంది. కర్ర పొడవుగా ఉంటుంది, రింగులు చిన్నవిగా, పాములా మెలితిరిగిన తీగలతో ఉంటాయి.

బెయిట్ కాస్టింగ్ రీలు: దీనికి మూలం అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. 19వ శతాబ్దం మొదటి భాగంలో అక్కడి గడియారాల పనివాళ్లు పళ్ల చక్రాలతో ఈ రీలు చేశారు. పిడి ఒకసారి తిప్పితే స్పూల్ మూడు, నాలుగు సార్లు తిరుగుతుంది. రీలు కర్ర పైవైపు, చేతి ముందు కూర్చుంటుంది. విసిరేటప్పుడు స్పూల్ తిరుగుతుంది, బొటనవేలితో అదుపు చేయాలి. 20వ శతాబ్దంలో దీనికి ఐదారు అడుగుల పొట్టి కర్రలు వచ్చాయి. స్వీడన్‌లోని ఆబు కంపెనీ 1950లలో తెచ్చిన ఎర్రటి 'అంబాసడర్ 5000' ఈ కుటుంబానిదే. దానికి జత ఆ కాలపు గ్లాస్ కాస్టింగ్ కర్ర.

స్పిన్నింగ్ రీలు: ఇందులో విసిరేటప్పుడు స్పూల్ కదలదు, దారం దాని అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ వాసి ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంట్ తీసుకున్న రీలుతో ఇది గట్టిగా నిలబడింది. రీలు కర్ర కింద వేలాడుతుంది. దారం చుట్టలుగా వస్తుంది కాబట్టి మొదటి రింగు పెద్దగా, కర్రకు కొంచెం దూరంగా ఉండాలి, తర్వాతివి క్రమంగా చిన్నవి కావాలి.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. స్పిన్నింగ్ రీలును చిన్న రింగుల కాస్టింగ్ కర్రకు బిగిస్తే సీటులో చక్కగా పడుతుంది. కానీ విసిరితే దారం మొదటి రింగు దగ్గరే కొట్టుకుని ఆగుతుంది. అంటే రింగులు చూడకుండా సీటు ఒక్కటి చూస్తే చాలదు.

నమ్మకంగా కుదిరే మూడు జోడీలు

మొదటి జోడీ: హార్డీ పర్ఫెక్ట్ రీలు, ఇంగ్లిష్ వెదురు కర్ర. ఈ రీలు లోపల బాల్ బేరింగులు ఉంటాయి. తొలి రీళ్లు ఇత్తడివి, తర్వాత ఇత్తడి ముఖం ఉన్న మిశ్రమ లోహం, ఆ తర్వాత పూర్తిగా మిశ్రమ లోహం. హార్డీ తన వెదురు కర్రలకు 'పాలకోనా' అనే పేరు వాడింది. రెండు యుద్ధాల మధ్య కాలపు పర్ఫెక్ట్ రీలుకు అదే కాలపు పాలకోనా కర్ర సహజమైన జత. సైజు లెక్క సాధారణంగా ఇలా ఉంటుంది.

- 2⅞ అంగుళాల రీలు: ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర అడుగుల తేలికైన కర్ర
- 3⅛ అంగుళాలు: ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది అడుగులు
- 3⅜ అంగుళాలు: తొమ్మిది, తొమ్మిదిన్నర అడుగులు
- 3⅝ అంగుళాలు: తొమ్మిదిన్నర, పది అడుగుల గట్టి కర్ర
- 4 అంగుళాలు, ఆపైన: పన్నెండు అడుగులు దాటిన, రెండు చేతులతో పట్టే సాల్మన్ కర్ర

ఈ రీలులో కుడి చేతితో తిప్పేది, ఎడమ చేతితో తిప్పేది వేర్వేరుగా చేశారు. కొనేముందు ఏదో చూసుకోవాలి.

రెండో జోడీ: ఫ్లూగర్ మెడలిస్ట్ రీలు, అమెరికన్ వెదురు లేదా తొలి గ్లాస్ కర్ర. ఓహాయో రాష్ట్రంలోని అక్రాన్ పట్టణంలో 1930ల మొదట్లో అమ్మకానికి వచ్చిన ఈ రీలు ఖరీదైనది కాదు. ఉద్యోగులు, కూలీలు కొనుక్కోగలిగిన సరుకు. అందుకే ఇప్పటికీ విరివిగా దొరుకుతుంది. 1494 మోడల్ చుట్టుకొలత మధ్యస్థం. ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల కర్రకు బాగుంటుంది. 1495 కొంచెం పెద్దది, తొమ్మిది అడుగుల కర్రకు సరిపోతుంది. 1966లో ఫ్లూగర్ కంపెనీని షేక్స్‌పియర్ కొనేసింది. రీలు మీద అక్రాన్ పేరు ఉంటే యుద్ధానికి ముందు వెదురు కర్రనో, 1950ల గ్లాస్ కర్రనో వెతకవచ్చు. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టేవాళ్లకు ఇదే మంచి దారి.

మూడో జోడీ: మిచెల్ 300 రీలు, బోలు గ్లాస్ స్పిన్నింగ్ కర్ర. ఫ్రాన్స్‌లో గడియారాల తయారీకి పేరున్న క్లూజ్ పట్టణంలో కార్పానో ఎ పోన్స్ అనే కంపెనీ మిచెల్ రీళ్లు చేసింది. అమెరికాలో వీటిని గార్షియా కంపెనీ అమ్మింది. అదే గార్షియా 'కొనొలాన్' పేరుతో గ్లాస్ కర్రలు కూడా అమ్మేది. కాబట్టి 1960ల మిచెల్ 300కు అదే కాలపు ఆరున్నర, ఏడు అడుగుల గార్షియా గ్లాస్ కర్ర పెడితే, అప్పటి దుకాణంలో ఒకే కౌంటరు మీద దొరికిన జోడీ అవుతుంది. మిచెల్ 300 పిడి ఎడమ వైపు ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్ల కోసం పిడి కుడి వైపు పెట్టి 301 చేశారు. 308 చిన్నది, దానికి ఇంకా సన్నని కర్ర కావాలి.

దారం లెక్క మరవకూడదు

పాత ఫ్లై కర్రల మీద ఇప్పటి నంబర్లు ఉండవు. హెచ్‌డీహెచ్, హెచ్‌సీహెచ్ లాంటి అక్షరాలు ఉంటాయి. అవి పట్టు దారం లావును చెప్పే గుర్తులు. ఏ నుంచి ఐ వైపు వెళ్లేకొద్దీ దారం సన్నబడుతుంది. హెచ్‌డీహెచ్ అంటే రెండు చివర్లూ సన్నగా, మధ్యలో లావుగా ఉన్న దారం.

1960ల మొదట్లో అమెరికన్ తయారీదారుల సంఘం కొత్త పద్ధతి పెట్టింది. దారం మొదటి 30 అడుగులు ఎంత బరువు తూగుతుందో దాన్ని బట్టి నంబరు ఇచ్చారు. 5వ నంబరు అంటే 140 గ్రెయిన్లు, 6 అంటే 160, 7 అంటే 185. పాత అక్షరాలు లావును చెబుతాయి, కొత్త నంబర్లు బరువును చెబుతాయి, కాబట్టి ఒకదాన్ని మరొకదానిలోకి కచ్చితంగా మార్చలేం. అంచనాగా హెచ్‌డీహెచ్ కర్రకు 5 లేదా 6, హెచ్‌సీహెచ్ కర్రకు 6 లేదా 7 నంబరు దారంతో మొదలుపెట్టవచ్చు. అనుమానం ఉంటే తక్కువ నంబరుతోనే మొదలుపెట్టాలి. బరువు దారం పాత వెదురును వంచి పాడుచేస్తుంది.

ఇంకో సంగతి. పట్టు దారం అదే బరువున్న ప్లాస్టిక్ పూత దారం కంటే సన్నగా ఉంటుంది. పాత రీళ్లు పట్టు దారానికి కొలిచి చేసినవి. అందుకే ఇప్పటి దారం చుడితే చోటు చాలక అంచులకు రాసుకుంటుంది. అప్పుడు కింద చుట్టే అదనపు దారం తగ్గించాలి, లేదా ఒక సైజు పెద్ద రీలు చూడాలి. పట్టు దారమే వాడితే ప్రతిసారీ రీలు నుంచి తీసి ఆరబెట్టాలి. లేకపోతే కుళ్లిపోతుంది.

నైలాన్ దారాన్ని గట్టిగా లాగి పాత రీలు మీద నిండా చుట్టకూడదు. సాగిన నైలాన్ తిరిగి బిగుసుకుంటూ స్పూల్‌ను నొక్కుతుంది. గట్టి రబ్బరు, బేకలైట్ స్పూళ్లు ఆ ఒత్తిడికి పగిలిపోతాయి.

సీటు, బరువు: చేతిలో చేసే పరీక్ష

పాత రోజుల్లో రీలు పాదానికి ఒకే కొలత లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో పొడవు, ఒక్కో మందం. కర్ర కొనేముందు పాదం పొడవు, వెడల్పు, చివర్ల మందం స్కేలుతో కొలిచి రాసుకోవాలి. అమ్మేవాళ్లను కర్ర సీటు కొలత అడగాలి. జారే రింగులతో బిగించే సీటు చాలా రకాల పాదాలకు పడుతుంది. మర సీటు బిగువుగా పడుతుంది కానీ కొలత కుదరాలి.

బరువు చూడటానికి కర్రను పూర్తిగా కలిపి, రీలు బిగించి, దారం రింగుల్లోంచి దూర్చాలి. ఖాళీ రీలుతో చూసిన పరీక్ష లెక్కలోకి రాదు. పిడి మీద మామూలుగా పట్టుకునే చోట ఒక వేలు పెట్టి నిలబెట్టాలి. ముక్కు కొద్దిగా కిందికి వంగినా, సమంగా నిలిచినా పరవాలేదు. మడమ వైపు బరువుగా పడిపోతే రీలు కర్రకు ఎక్కువైనట్టు. ముక్కు బాగా వాలిపోతే రీలు చిన్నదైనట్టు. పొడవైన పాత వెదురు కర్రలకు బరువు రీలు అందుకే అవసరమైంది.

కర్ర కొనే ముందు చూడాల్సినవి

పాత కర్రల్లో మోసం ఎక్కువగా ముక్కు దగ్గరే దాగుతుంది. రెండు ముక్కల కర్ర అయితే రెండూ ఒకే పొడవు ఉండాలి. పై ముక్క రెండు మూడు అంగుళాలు తక్కువైతే విరిగి మళ్లీ చివర అతికించారని అర్థం. అలాంటి కర్ర గట్టిపడుతుంది, అసలు వంపు పోతుంది, ధరా పోతుంది.

ముక్కలను కలిపే లోహపు గొట్టాలను ఫెర్రూళ్లు అంటారు. మంచి కర్రల్లో అవి నికెల్ సిల్వర్‌వి. కలిపి మెల్లగా ఊపినప్పుడు టిక్ టిక్ అంటే వదులైనట్టు. వెదురును కన్ను మూసి ఒక చివర నుంచి చూస్తే శాశ్వతంగా పడిన వంపు తెలుస్తుంది. బద్దల మధ్య గోరు దూరితే జిగురు విడిపోయినట్టు. పాత కర్రల్లో జంతు జిగురు వాడేవారు. తేమకు, వేడికి అది మెత్తబడుతుంది. మన వానాకాలంలో కర్రను ఇనప పెట్టెలో మూసేసి ఉంచకూడదు, ఎండలో కారులోనూ వదలకూడదు. గుడ్డ సంచిలో నిలువుగా వేలాడదీయడం మంచిది. గ్లాస్ కర్ర అయితే తెల్లటి మచ్చలు, చీలికలు చూస్తే చాలు.

ధర లెక్క, నిజాయితీ లెక్క

అమెరికా, బ్రిటన్‌లలో ఉండే మనవాళ్లు ఇళ్ల ముందు జరిగే పాత సామాన్ల అమ్మకాల్లో ఇలాంటివి కొని ఇంటికి తెస్తుంటారు. అక్కడ 'ఒరిజినల్ జోడీ' అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. నిజం ఏమిటంటే, ఎక్కువమంది రీలు, కర్ర వేర్వేరుగానే కొనేవారు. ఒకే మనిషి ఒకే రోజున కొన్న జోడీ అని చెప్పాలంటే బిల్లో, పాత ఫొటోనో, రెండింటి మీద ఒకే పేరో ఉండాలి. అవి లేకపోతే అది 'ఒకే కాలపు జోడీ' మాత్రమే. రెండింటికీ ధరలో తేడా ఉంటుంది, మాటలో కూడా తేడా ఉండాలి.

అమ్మేవాళ్లు కూడా మార్చిన పిడి, కొత్తగా వేసిన రింగులు, అరిగిన పాదం దాచకుండా చెప్పాలి. చెప్పకుండా అమ్మితే కొన్నవాడు మొదటిసారి స్పూల్ తీసినప్పుడే తెలిసిపోతుంది. ఇంట్లో దొరికిన వస్తువు కబాడీకి బరువు లెక్కన వేసేముందు కనీసం దాని మీద ఉన్న పేరు చదవాలి. వారసుల మధ్య పంచుకునేటప్పుడు రీలు ఒకరికి, కర్ర ఒకరికి ఇస్తే జోడీ విడిపోతుంది. కలిపి ఒకరికి ఇచ్చి, ధర లెక్క వేరే సర్దుకుంటే వస్తువు నిలుస్తుంది.

చేయకూడని పనులు

పాత ఇత్తడి రీళ్లకు గోధుమ రంగు పూత, మిశ్రమ లోహం రీళ్లకు సీసం రంగు పూత ఉండేది. చింతపండు, నిమ్మ, పాలిష్ పొడి ఏది రుద్దినా ఆ పూత పోతుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడవాలి. లోపల గడ్డకట్టిన గ్రీజు తీసి, సన్నని నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే సరిపోతుంది. మరలు తిప్పేటప్పుడు సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ వాడాలి. మర తల చెడితే అది బయటికి కనిపించే గాయం. విప్పేముందు ఫోన్‌తో ప్రతి దశలో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించడం సులువు.

ఒక్క చూపులో

- రీలు మీద పేరు, ఊరు, మోడల్ చదివి కాలం అంచనా వేయాలి
- ఫ్లై, కాస్టింగ్, స్పిన్నింగ్ మూడింటిలో ఏ రకమో తేల్చాలి
- 19వ శతాబ్దపు రీలుకు చెక్క లేదా తొలి వెదురు, రెండు యుద్ధాల మధ్యదానికి వెదురు లేదా ఉక్కు, 1950ల నుంచి 70ల మొదటి దాకా గ్లాస్ కర్ర చూడాలి
- పాదం కొలిచి సీటుతో పోల్చాలి, కుదరకపోతే కర్ర మార్చాలి
- దారం తేలికగా మొదలుపెట్టాలి
- కలిపి, దారం ఎక్కించి, వేలి మీద బరువు చూడాలి
- మార్చిన భాగాలు ఉంటే రాసిపెట్టాలి, అమ్మేటప్పుడు చెప్పాలి

ఈ వరుసలో చూసుకుని జత చేసిన పాత రీలు అద్దాల బీరువాకే పరిమితం కాదు. వారాంతంలో చెరువు గట్టుకు తీసుకెళ్లి, మెల్లగా వాడుకోవచ్చు. తర్వాతి తరానికి అప్పగించేటప్పుడు కూడా అది పనిచేసే స్థితిలోనే ఉంటుంది.